సెమీ ఆటోమేటిక్ పిస్టల్: చేతి అలవాట్లు, అరుగుదల – తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాదికి పట్టుమని పాతిక రౌండ్లు (తూటాలు) కూడా కాల్చను. నా పిస్టల్ అరగడానికి కారణం ఏముంటుంది?

మీ చెయ్యే. ఆత్మరక్షణ లైసెన్సు మీద మన దగ్గర ఉండే .32 (బుల్లెట్ మందం, అంగుళాల్లో) పిస్టళ్లు కాల్పుల వల్ల పాడవడం చాలా అరుదు. తూటాల కోటా తక్కువ, కాల్చడానికి రేంజ్ దగ్గర్లో ఉండదు. కానీ అదే పిస్టల్‌ని రోజూ రాత్రి లోడ్ చేస్తారు, పొద్దున దించుతారు. చుట్టం వస్తే తీసి చూపిస్తారు, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) లాగి టప్పున వదులుతారు, ఖాళీగా ట్రిగ్గర్ నొక్కుతారు. ఆ తర్వాత తోలు కవర్లో పెట్టి బీరువాలో నెలల తరబడి వదిలేస్తారు. పదేళ్లలో వంద రౌండ్లు పేలిన పిస్టల్ స్లైడ్‌ని వేలసార్లు లాగి ఉంటారు. అరుగుదల లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి. రేంజ్‌లో .22 స్పోర్ట్ పిస్టల్ కాల్చే పిల్లల సంగతి వేరు. అక్కడ రౌండ్లు నిజంగానే వేలల్లో ఉంటాయి కాబట్టి స్ప్రింగులు, బ్యారెల్ (గొట్టం) శుభ్రత ముందుకొస్తాయి. కింద రెండింటి గురించీ రాశాను.

చేతిలోకి తీసుకోగానే మొదట చేయాల్సిన పని?

మూతి ఎవరూ లేని వైపు, వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట. ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీయాలి. ఆ తర్వాతే స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి చాంబర్లో (బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే చోట) ఉన్న రౌండ్‌ని బయటికి రప్పించాలి. తర్వాత స్లైడ్‌ని వెనకే నిలిపి చాంబర్లోకి కంటితో చూడాలి, చిటికెన వేలితో తడమాలి. మ్యాగజైన్ దిగే దారిలోకి కూడా ఒకసారి చూడాలి.

ఈ వరుస తప్పకూడదు. మ్యాగజైన్ ఉండగానే స్లైడ్ లాగితే ఒక రౌండ్ బయటపడుతుంది, స్లైడ్ ముందుకెళ్తూ ఇంకోటి ఎక్కించుకుంటుంది. అప్పుడు మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటారు. గ్లాక్ 17 లాంటి కొన్ని పిస్టళ్లను విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కి తీరాలి. చాంబర్ చూడకుండా విప్పబోయి పేల్చుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు.

ఇంకో అలవాటు కూడా మానాలి. దించేటప్పుడు రౌండ్ కింద పడకుండా, స్లైడ్ పక్కన అది బయటపడే కిటికీ మీద అరచెయ్యి మూసి స్లైడ్ లాగేవాళ్లున్నారు. చెయ్యి అడ్డుపడి రౌండ్ లోపలే తిరగబడి, దాని ప్రైమర్ (అడుగున ఉండే, దెబ్బకి అంటుకునే చిన్న మూత) గుల్లల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ మొనకు తగిలితే అరచేతిలోనే పేలుతుంది. గుల్లను (మందు ఉండే ఇత్తడి గొట్టాన్ని) పట్టి ఉంచే చాంబర్ గోడలు అప్పుడు ఉండవు. ఇత్తడి ముక్కలు చేతిలో దిగుతాయి. రౌండ్ కింద పడితే పడనివ్వండి, తర్వాత తీసుకోవచ్చు.

ఖాళీ చాంబర్ మీద స్లైడ్ టప్పున వదిలితే నిజంగా నష్టమా? సినిమాల్లో అందరూ అలాగే చేస్తారు కదా.

నష్టమే, కాకపోతే అన్ని పిస్టళ్లకూ ఒకేలా కాదు. మ్యాగజైన్లో రౌండ్లు ఉన్నప్పుడు స్లైడ్ ముందుకొస్తూ పై రౌండ్‌ని లాక్కుని, దాన్ని చాంబర్ వాకిలి దగ్గరి ఏటవాలు మీదుగా లోపలికి తోస్తుంది. ఆ పనిలో దాని వేగం కొంత ఖర్చవుతుంది. ఖాళీగా వదిలితే స్ప్రింగ్ బలమంతా చివరి దెబ్బగా మారుతుంది. కాల్పుల్లో స్లైడ్ ముందుకొచ్చే ప్రతిసారీ ఎదురుగా ఒక రౌండ్ ఉంటుంది, చివరి రౌండ్ తర్వాత చాలా పిస్టళ్లలో స్లైడ్ వెనకే నిలిచిపోతుంది. అందుకే ఈ ఖాళీ దెబ్బ కాల్పుల్లో అరుదు, ఎక్కువగా చేత్తో ఆడించేటప్పుడే వస్తుంది.

జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం తీసుకున్న పిస్టల్‌నే చూద్దాం. దాని పేరు కూడా 1911 అనే స్థిరపడింది. అందులో హ్యామర్ (రౌండ్ పేలే దెబ్బ కొట్టే సుత్తి) కొక్కెం సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా హ్యామర్‌ని ఆపే ముక్క) అంచు మీద ఆగి ఉంటుంది. రెండూ కలిసే చోటు వెంట్రుకలతో కొలవాల్సినంత సన్నం. స్లైడ్ ఖాళీగా వచ్చి కొట్టినప్పుడు ఫ్రేమ్ మొత్తం ముందుకు అదురుతుంది, హ్యామర్ కొక్కెం సియర్ అంచు మీద ఎగిరి పడుతుంది. ఫ్యాక్టరీ ట్రిగ్గర్ గట్టిగా ఉంటే చాలాకాలం ఓర్చుకుంటుంది. పోటీల కోసం ట్రిగ్గర్ తేలిక చేయించి ఉంటే ఆ అంచు త్వరగా మొద్దుబారుతుంది. ఆ తర్వాత ఒక రోజు స్లైడ్ మూసుకోగానే హ్యామర్ తనంతట తాను పడుతుంది. ఆ రోజు చాంబర్లో రౌండ్ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మన .32 పిస్టళ్లలో ఎక్కువ భాగం బ్లోబ్యాక్ పద్ధతివి. బ్యారెల్ ఫ్రేమ్‌కే బిగించి ఉంటుంది, స్లైడ్‌తో లాక్ పడదు. కాబట్టి 1911లో లాగా బ్యారెల్ కింది చెవుల మీద దెబ్బ పడదు. అయినా స్లైడ్ ముఖం వచ్చి బ్యారెల్ వెనక అంచును ఇనుముతో ఇనుము కొట్టినట్టే కొడుతుంది. చూపించడానికైనా, తుడవడానికైనా స్లైడ్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు దించండి. రౌండ్ ఎక్కించేటప్పుడు మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. అప్పుడు పూర్తిగా వెనక్కి లాగి వదిలేయాలి, వెంట చెయ్యి పోకూడదు. చేత్తో సాగనంపితే స్లైడ్ చివరి మిల్లీమీటరు మూసుకోక ఆగిపోతుంది. జామ్ అని రేంజ్‌కి తెచ్చే పిస్టళ్లలో చాలావాటి జబ్బు ఇదే.

స్లైడ్ స్టాప్ లీవర్ (స్లైడ్‌ని వెనకే నిలిపే మీట) నొక్కి మూయాలా, వెనక్కి లాగి వదలాలా?

రెండూ సరైనవే. లీవర్ నొక్కడం వల్ల స్లైడ్ గాడి మూల గుండ్రబడుతుందన్న మాట నిజమే కానీ, గట్టి ఉక్కు భాగాల్లో అది చాలా నెమ్మదిగా జరుగుతుంది. చేతికి నూనో చెమటో ఉన్నప్పుడు వెనక్కి లాగి వదలడమే నమ్మకం. ముందు మీ మోడల్‌కి బయట లీవర్ ఉందో లేదో చూడండి. పాత .32లలో చాలావాటికి ఉండదు.

మ్యాగజైన్ లేకుండా ఒక్క రౌండ్‌ని నేరుగా చాంబర్లో వేసి స్లైడ్ మూయవచ్చా?

వద్దు. 1911 తరహాలో ఎక్స్‌ట్రాక్టర్ అనేది గుల్లను చాంబర్లోంచి లాగే కొక్కెం ఉన్న, స్లైడ్ లోపలి పొడుగాటి ఉక్కు కడ్డీ. దానికి వేరే స్ప్రింగ్ ఉండదు, తన వంపే తన స్ప్రింగ్. మ్యాగజైన్ నుంచి వచ్చే రౌండ్ అంచు కింది నుంచి పైకి జారి ఆ కొక్కెం కిందకి వెళ్లాలి. ముందే చాంబర్లో కూర్చున్న రౌండ్ మీదికి స్లైడ్ వచ్చి పడితే కొక్కెం పక్కకి వంగి, అంచును ఎక్కి దిగాలి. అలా కొన్నాళ్లు చేస్తే కొక్కెం చిట్లుతుంది, లేదా దాని బిగువు పోతుంది. బిగువు పోయిందనడానికి గుర్తు: ఖాళీ గుల్లలు ఒకటి తల మీద, ఒకటి మోచేతి మీద పడుతూ, చివరికి ఒకటి చాంబర్లోనే ఉండిపోతుంది.

బయటివైపు చిన్న స్ప్రింగుతో కదిలే ఎక్స్‌ట్రాక్టర్ ఉన్నవి ఇంకాస్త ఓర్చుకుంటాయి. అయినా ఎందుకు? ఒక్క రౌండే ఎక్కించాలంటే ఆ ఒక్కటీ మ్యాగజైన్లో పెట్టి ఎక్కించండి.

రోజూ రాత్రి ఎక్కించి పొద్దున దించుతాను. ఎప్పుడూ అదే రౌండ్. ఫరవాలేదా?

చాలామంది పట్టించుకోని ప్రమాదం ఇది. రౌండ్ చాంబర్లోకి వెళ్లే ప్రతిసారీ బుల్లెట్ ముక్కు ఏటవాలుకి కొట్టుకుంటుంది. కొన్ని రోజులకి బుల్లెట్ గుల్లలోపలికి కొద్దికొద్దిగా దిగుతుంది. లోపలి ఖాళీ తగ్గితే అదే మందుకి పీడనం పెరుగుతుంది. అసలే ఎక్కువ పీడనంతో పనిచేసే తూటాల్లో ఇది మరీ తీవ్రం. .32 కొంచెం మెతక తూటా అయినా నియమం అదే.

పరీక్ష సులువు. ఆ రౌండ్‌నీ, అదే పెట్టెలోని కొత్త రౌండ్‌నీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి కంటి ఎత్తులో చూడండి. పాతది పొట్టిగా కనిపిస్తే దాన్ని ఇక ఎక్కించకండి, పక్కన పెట్టి డీలర్‌కి అప్పగించండి. ప్రైమర్ చుట్టూ, అంచు మీద గీతలు, నొక్కులు ఉన్నా అంతే. అసలు ఈ రోజువారీ తతంగమే మానేస్తే మంచిది. మ్యాగజైన్ వేరుగా, పిస్టల్ ఖాళీగా, రెండూ తాళం కింద ఉంటే రౌండూ బాగుంటుంది, ఇంట్లో పిల్లలూ క్షేమంగా ఉంటారు.

డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) ప్రాక్టీసు చేయమని కోచ్ చెప్పారు. ఫైరింగ్ పిన్ను (తూటా అడుగుని కొట్టే మొన) విరుగుతుందని డీలర్ అన్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, వాళ్లు మాట్లాడుతున్న పిస్టళ్లు వేరు.

.22 తూటాలో పేలుడు మందు అంచు లోపల ఉంటుంది. అందుకే ఫైరింగ్ పిన్ మధ్యలో కాకుండా అంచు మీద కొడుతుంది. చాంబర్ ఖాళీగా ఉంటే, పిన్‌ని ఆపే ఏర్పాటు లేని పిస్టల్లో అది నేరుగా చాంబర్ అంచునే కొడుతుంది. ఆ చోట చిన్న గుంట పడి లోహం లోపలికి పొంగుతుంది. గోటితో తడిమితే తెలుస్తుంది. అలాంటి చాంబర్లో రౌండ్ సరిగా కూర్చోదు, గుల్ల తేలిగ్గా బయటికి రాదు. పోటీ పిస్టళ్లలో చాలావాటికి డ్రై ఫైర్ కోసమే వేరే ఏర్పాటు ఉంటుంది, అది వాడండి. లేకపోతే .22కి ప్లాస్టిక్ డమ్మీ (ఉత్తుత్తి తూటా) వేసి, కొన్నిసార్లు నొక్కాక దాన్ని కాస్త తిప్పండి. ఒకే చోట దెబ్బ పడుతూ ఉంటే డమ్మీ పని అయిపోతుంది.

మధ్యలో ప్రైమర్ ఉండే తూటాల పిస్టళ్లలో ఈ గొడవ లేదు. కొత్త మోడళ్లు ఎక్కువ భాగం డ్రై ఫైర్‌ని తట్టుకుంటాయి. కానీ మినహాయింపులు ఉన్నాయి. సీజెడ్ 75 అనే పిస్టల్లో ఫైరింగ్ పిన్‌ని ఒక చిన్న చుట్టిన రేకు పిన్ను పట్టి ఉంచుతుంది. ఖాళీగా అదేపనిగా కొడితే అది విరుగుతుందన్నది ఆ పిస్టల్ వాడేవాళ్లకి బాగా తెలిసిన విషయమే. తాతల నాటి .32లకి పిన్ను విరిగితే స్పేర్ దొరకడమే కష్టం. డమ్మీ లేకుండా వాటి ట్రిగ్గర్ నొక్కకండి.

డ్రై ఫైర్ చేసే గదిలో అసలు తూటాలు ఉండకూడదు. ఈ ఒక్క మాట మీద కోచ్‌లందరూ ఏకమే.

మ్యాగజైన్ నిండుగా ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందా?

మంచి స్ప్రింగ్ అణిగి ఉన్నందుకు పెద్దగా బలహీనపడదు. దాన్ని అలసిపోయేలా చేసేది మళ్లీమళ్లీ అణచడం, వదలడం. స్ప్రింగ్ గురించి బెంగపడేవాళ్లు మ్యాగజైన్ పెదవుల్ని మర్చిపోతారు. పైన రౌండ్‌ని పట్టుకునే ఆ రెండు రేకు అంచులు సిమెంటు నేల మీద ఒక్కసారి పడితే వంగిపోవచ్చు. అర మిల్లీమీటరు తేడా చాలు, రౌండ్ పైకి లేవాల్సిన కోణం మారిపోతుంది. మీ మ్యాగజైన్ల అడుగున 1, 2 అని మార్కర్‌తో రాయండి. జామ్ ఎప్పుడూ రెండో దానితోనే వస్తుంటే పిస్టల్ జోలికి పోనక్కర్లేదు.

.32 ఏసీపీకి (.32 పిస్టల్ తూటాకి) ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. ఈ తూటా అడుగు అంచు గుల్ల కన్నా కొద్దిగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచు వెనక్కి వెళ్లి ఇరుక్కుంటే మ్యాగజైన్ పూర్తిగా బిగుసుకుపోతుంది. అప్పుడు చేత్తో గుంజినా, కొట్టినా కదలదు. నింపేటప్పుడు ప్రతి రౌండ్‌నీ ముందు నుంచి వెనక్కి తోస్తూ, దాని అంచు కిందిదాని అంచుకి ముందువైపు ఉందో లేదో చూసుకుంటూ నింపాలి. నింపిన మ్యాగజైన్‌ని జేబులో అటూ ఇటూ ఊగేలా మోయడం కూడా దీనికి కారణమవుతుంది.

.32 రివాల్వర్ తూటా, .32 పిస్టల్ తూటా వేరు వేరు. కొనేటప్పుడు పెట్టె మీద ఉన్నది పూర్తిగా చదవండి.

ఇంకొకటి, స్లైడ్ వెనక నిలిచి ఉన్నప్పుడు మ్యాగజైన్‌ని అరచేత్తో బలంగా గుద్దకండి. కొన్ని పిస్టళ్లలో అది హద్దు దాటి పైకి వెళ్లి ఎజెక్టర్‌ని వంచుతుంది. క్లిక్ వినిపించేలా తోస్తే చాలు.

రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ని తిరిగి ముందుకు తోసేది) ఎప్పుడు మార్చాలి?

ముందు మీ మోడల్ మాన్యువల్ చూడండి. పూర్తి సైజు .45 1911లో వేసేది 16 పౌండ్ల స్ప్రింగ్. కొన్ని వేల రౌండ్లకి దాన్ని మార్చేయడం ఆర్మరర్ల (ఆయుధాలు బాగుచేసేవాళ్ల) మామూలు పద్ధతి. బ్లోబ్యాక్ .32లో స్ప్రింగ్ విలువ ఇంకా ఎక్కువ. పేలిన క్షణంలో స్లైడ్‌ని ఆపి ఉంచేవి దాని బరువు, ఆ స్ప్రింగ్ రెండే. స్ప్రింగ్ నీరసపడితే స్లైడ్ వెనక్కి వచ్చి ఫ్రేమ్‌ని ప్రతి షాట్‌కీ బాదుతుంది. స్ప్రింగ్ ఖరీదు ఎంత, ఫ్రేమ్ ఖరీదు ఎంత?

గుర్తులు ఇవీ: ఖాళీ గుల్లలు మునుపటికన్నా దూరం ఎగరడం, షాట్ పదునుగా చేతికి తగలడం, స్లైడ్ పూర్తిగా మూసుకోకపోవడం. ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, మూతి సురక్షితమైన వైపు కాస్త పైకెత్తి, స్లైడ్‌ని కొంచెం వెనక్కి లాగి చాలా నెమ్మదిగా వదలండి. తన బరువుని తాను మోసుకుంటూ చివరి వరకూ వెళ్లి మూసుకోవాలి. మధ్యలో ఆగితే ముందు మురికి తుడిచి మళ్లీ చూడండి. అప్పటికీ ఆగితే స్ప్రింగ్ మార్చాల్సిందే.

ఏ నూనె వాడాలి? ఇంట్లో కొబ్బరి నూనె ఉంది.

కొబ్బరి నూనె వద్దు. సుమారు 24 డిగ్రీల కన్నా చల్లబడితే గడ్డకడుతుంది. హైదరాబాద్ చలికాలంలో తెల్లవారుజామున మీ ఫైరింగ్ పిన్ దారిలో అది మైనంలా ఉంటుంది. వేసవిలో దుమ్ము పట్టి జిగురవుతుంది. తినే నూనెలన్నిటిదీ ఇంచుమించు ఇదే కథ. తుపాకీ నూనె దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె నయం.

ఎక్కడ వేయాలన్నది ఎంత వేయాలన్నదాని కన్నా ముఖ్యం. స్లైడ్ జారే గాళ్లలో ఒక్కో చుక్క, బ్యారెల్ బయట స్లైడ్ రాసుకునే చోట పల్చగా. రంగు పోయి తెల్లగా మెరుస్తున్న చోట్లే రాపిడి జరిగే చోట్లు, వాటికే నూనె కావాలి. ఫైరింగ్ పిన్ రంధ్రంలోకి, మ్యాగజైన్ లోపలికి నూనె పోయకండి. పిన్ దారిలో నూనె, ఇత్తడి పొడి కలిసి ముద్దవుతాయి. దెబ్బ మెత్తబడి రౌండ్ పేలదు. మీరేమో తూటా పాతదయిందని తిట్టుకుంటారు. నికెల్ పూత ఉన్న పిస్టల్‌ని అమ్మోనియా కలిసిన ద్రావకాలతో తుడవకండి, పూత కింది రాగిని తినేస్తాయి.

బ్యారెల్‌ని ఎటు నుంచి శుభ్రం చేయాలి?

విప్పడానికి వీలుంటే వెనక నుంచే. మూతి అంచు బుల్లెట్‌ని చివరగా తాకే చోటు. అక్కడ ఉక్కు కడ్డీ రాసుకుని ఒకవైపు అరిగితే గురి చెదురుతుంది. విప్పలేనివాటికి మూతి దగ్గర గైడ్ పెట్టి, పూత ఉన్న కడ్డీ వాడండి.

ఎన్నికలకి పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేస్తే తుప్పు పట్టి తిరిగొచ్చింది. ఏం చేయాలి?

2024లో కోడ్ మార్చి 16న మొదలైంది, మన రెండు రాష్ట్రాల్లో పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న. అంటే డిపాజిట్ చేసినవాళ్ల పిస్టళ్లు ఎండల్లో మొదలుపెట్టి తొలకరి దాకా ఏదో ఒక గదిలో ఉన్నాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలిలో ఉప్పు ఉంటుంది. అక్కడ వేలిముద్ర చెమటే కొన్ని రోజుల్లో గోధుమరంగు ముద్రగా తేలుతుంది.

ఇచ్చే ముందు రోజు పూర్తిగా విప్పి, ఆరిన గుడ్డతో తుడిచి, లోపలా బయటా పల్చటి నూనె పొర పట్టించండి. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకండి. తోలు హోల్‌స్టర్లో పెట్టి ఇవ్వనే వద్దు. తోలు పదును చేసేటప్పుడు వాడిన ఉప్పులు అందులో ఉండిపోతాయి, అది తేమనీ పీలుస్తుంది. నూనె పట్టిన గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో గట్టి పెట్టెలో పెట్టండి. రసీదులో ఆయుధం నంబరు, మ్యాగజైన్లు ఎన్ని, రౌండ్లు ఎన్ని అన్నవి రాయించుకోండి. స్థితిని ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. తిరిగి తీసుకోగానే అక్కడే ఖాళీ అని చూసుకుని, అదే రోజు విప్పి తుడవండి. పైపైన తుప్పు నూనె, మెత్తటి గుడ్డతో పోతుంది. ఎమెరీ కాగితం పట్టుకోకండి, రంగుతో పాటు కొలతలూ పోతాయి.

ఎత్తిన హ్యామర్‌ని బొటనవేలితో దించడం తప్పా?

చాంబర్లో రౌండ్ ఉండగా అది పెద్ద ప్రమాదం. బొటనవేలు జారితే పేలుతుంది. డీకాకర్ (హ్యామర్‌ని పేలకుండా దించే మీట) ఉన్న పిస్టల్‌కి డీకాకరే వాడండి. లేనిదానికి మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ చేసి, ఆ తర్వాత దించండి. సగం ఎత్తులో ఆగే గాడిని సేఫ్టీ అనుకుని రౌండ్‌తో మోయకండి, దెబ్బ తగిలితే ఆ గాడి విరగవచ్చు.

ట్రిగ్గర్ మునుపటికన్నా తేలికయింది. అదృష్టమే కదా?

కాదు, జబ్బు. ట్రిగ్గర్ తనంతట తాను తేలికయిందంటే సియర్ అంచో, స్ప్రింగో అరిగిందని అర్థం. పోటీల్లో దీనికి వేరే శిక్ష కూడా ఉంది. 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్‌లో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువుని ఎత్తి నిలపాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణం గెలిచిన ఈవెంట్ ఇదే. ఆ స్థాయి షూటర్లు మ్యాచ్‌కి ముందు ట్రిగ్గర్ తూచి చూసుకోకుండా అడుగు బయట పెట్టరు. ఒక్క నొక్కుకి రెండు పేలినా, స్లైడ్ మూయగానే హ్యామర్ పడినా ఆ క్షణమే ఆపేసి ఆర్మరర్‌కి ఇవ్వండి.

శబ్దం ‘తుస్సు’మని చిన్నగా వచ్చింది. తర్వాతి రౌండ్ కాల్చవచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. ఖాళీ చేసి, విప్పి, బ్యారెల్ గుండా వెలుతురు చూడండి. అసలు పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. పాత తూటా ఆలస్యంగా పేలవచ్చు.

పగుళ్లు ఎక్కడ వెతకాలి?

మూలలు ఉన్నచోట, లోహం పల్చబడిన చోట. స్లైడ్‌లో గుల్లలు బయటపడే కిటికీ మూలలు, ఫ్రేమ్ గాళ్ల చివరలు, స్లైడ్ స్టాప్ రంధ్రం చుట్టూ. తుడిచి పల్చటి నూనె రాసి మళ్లీ తుడవండి. పగులు ఉంటే అందులోంచి నూనె గీతలా ఊరుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదనడానికి 1980ల చివర్లో అమెరికా సైన్యం అనుభవం ఉంది. బెరెట్టా 92 స్లైడ్లు కొన్ని విరిగి, వెనక ముక్క కాల్చేవాళ్ల ముఖానికి తగిలింది. ఆ తర్వాత కంపెనీ హ్యామర్ పిన్ను తలని పెద్దది చేసి, విరిగినా స్లైడ్ వెనక్కి ఎగిరిపోకుండా అడ్డం పెట్టింది. 92ఎఫ్‌ఎస్ అని మనం చూసే మోడల్ అలా వచ్చిందే.

ఊళ్లో లేత్ మిషన్ ఉన్న మేస్త్రీ చాలా నేర్పరి. చిన్న రిపేరే, ఆయనకి ఇవ్వచ్చా?

ఇవ్వకూడదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాన్ని రిపేరు చేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. మీరు ఇచ్చిన పాపానికి ఆయన కేసులో ఇరుక్కుంటాడు, మీ లైసెన్సూ పోతుంది. సియర్ మీద ఆకురాయి పెట్టడం ఎంత నేర్పరికైనా తగని పని. పైన గట్టిపరచిన పొర పల్చగా ఉంటుంది. అది పోతే లోపలి మెత్తటి ఉక్కు వారాల్లో అరుగుతుంది. లైసెన్సు ఉన్న డీలర్ ద్వారానో, తయారుచేసిన ఫ్యాక్టరీకో పంపండి.

సెకండ్‌హ్యాండ్ .32 కొంటున్నాను. ఏం చూడాలి?

డీలర్ అనుమతితో, ఖాళీ చేసి, విప్పించి చూడండి. పైన మెరుగు చూసి మోసపోకండి, కొత్తగా రంగు వేయించిన పిస్టల్‌ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. బ్యారెల్‌ని వెలుతురుకి పట్టి చూసినప్పుడు లోపల ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే ఎప్పుడో లోపల బుల్లెట్ ఇరుక్కుందని గుర్తు. వదిలేయండి. ఫైరింగ్ పిన్ రంధ్రం గుండ్రంగా ఉందా, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం మొన పదునుగా ఉందా, స్క్రూల తలలు చెదిరిపోయి ఉన్నాయా చూడండి. చెదిరిన స్క్రూ అంటే అనుభవం లేని చెయ్యి లోపలికి వెళ్లింది. హ్యామర్ ఎత్తి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా బొటనవేలితో హ్యామర్‌ని ముందుకు తోయండి. పడిపోతే బేరం అక్కడితో ఆపేయండి. అన్నీ బాగుంటే మ్యాగజైన్లు ఎన్ని వస్తున్నాయో అడగండి. పాత మోడల్‌కి రెండో మ్యాగజైన్ తర్వాత వెతుక్కుంటే దొరకడం కష్టం.